లెక్క రాసుకోని త్యాగం

త్యాగం గురించి మా ప్రాంతానికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. సూర్యాపేట చుట్టుపక్కల ఊళ్లు తిరిగితే నడిబొడ్డునో, బస్సు ఆగే చోటనో ఎర్రరంగు వేసిన స్థూపాలు కనిపిస్తాయి. 1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ సాయుధ పోరాటంలో ప్రాణాలిచ్చినవాళ్ల జ్ఞాపకాలు అవి. సూర్యాపేట పట్టణంలో కల్నల్ సంతోష్‌బాబు విగ్రహం ఉంది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో తన జవాన్లను నడిపిస్తూ నేలకొరిగిన బిహార్ రెజిమెంట్ అధికారి ఆయన, ఈ ఊరి బిడ్డ. మరణానంతరం మహావీరచక్రతో దేశం ఆయన్ను గౌరవించుకుంది. పట్నం దాటి కోదాడ వైపు కాస్త సాగితే దురాజ్‌పల్లి గుట్ట వస్తుంది. రెండేళ్లకొకసారి మాఘమాసంలో అక్కడ జరిగే పెద్దగట్టు జాతరకు లక్షల మంది కదిలి వస్తారు. లింగమంతుల స్వామికి మొక్కులు, చౌడమ్మకు యాటపోతులు. జాతర రోజుల్లో హైదరాబాదు, విజయవాడ మధ్య తిరిగే బండ్లను సైతం వేరే దారి పట్టిస్తారు.

పోరాటయోధుడు దున్నేవాడి భూమి కోసం ఇచ్చాడు. సైనికుడు దేశం కోసం ఇచ్చాడు. భక్తుడు మొక్కు చెల్లించడానికి ఇస్తాడు. ఇచ్చేవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. కోదాడ దగ్గర పల్లెలో పుట్టి, సూర్యాపేటలో చదువుకొని, మిర్యాలగూడలో కాపురం చేస్తున్నదాన్ని నేను. ఈ మూడు ఊళ్లలోనూ చర్చీలున్నాయి, వాటి మీద సిలువలున్నాయి. త్యాగాలకు ఇంతగా అలవాటుపడిన నేలకు ఆ సిలువ కొత్తగా ఏం చెప్పింది? ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్న సువార్తే అయినా, వయసు మీదపడేకొద్దీ ఈ ప్రశ్న నాలో గట్టిపడుతూ వచ్చింది. నాకు దొరికిన జవాబు ఇది. సిలువ మీద జరిగిన త్యాగం లెక్క రాసుకోలేదు. ఎవరి కోసం జరిగిందో వాళ్లను బాకీదారుల్ని చేయలేదు. పాత బాకీలు కూడా కొట్టేసింది. కృప అని మేం చెప్పుకునేది ఇదే.

గుడ్‌ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడింటి దాకా మా చర్చీల్లో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన జరుగుతుంది. మా జిల్లాల్లో బండలు కాగడం మొదలుపెట్టే రోజులవి. తెల్లచీరలు కట్టుకున్న ఆడవాళ్లు, ఉపవాసంతో పెదాలు ఎండిన ముసలివాళ్లు, తల్లుల ఒళ్లో నిద్రపోయే పిల్లలు. పురుషోత్తమ చౌదరి కీర్తనలు పాడుకుంటూ, పాటకూ పాటకూ నడుమ ఒక్కొక్కరు లేచి ఒక్కొక్క మాట మీద ధ్యానం చెబుతారు. అయ్యగారు ఒకటి, బడిపంతులు ఒకటి, స్త్రీల సమాజం నుంచి ఒకామె ఒకటి. ఏడింటిలో నన్ను పట్టి నిలిపేది మొదటిదే. తనకు మేకులు కొడుతున్నవాళ్లను క్షమించమని యేసు తండ్రిని అడిగిన మాట అది. వాళ్లు క్షమాపణ కోరలేదు. తప్పు చేస్తున్నామని కూడా వాళ్లకు తోచలేదు. కింద ఆయన బట్టల కోసం చీట్లు వేసుకుంటున్నారు. అప్పుడు వచ్చింది ఆ మాట.

అమరుడు తనవాళ్ల కోసం చనిపోతాడు. అలాంటి చావు ముందు నేను చేతులు జోడిస్తాను. ఆ చావులు లేకపోతే ఈ ప్రాంతంలో నాలాంటి వాళ్లు తలెత్తి నడిచేవాళ్లమే కాదు. యేసు మాత్రం తనను చంపుతున్నవాళ్లను కూడా తనవాళ్లలో కలుపుకొని చనిపోయాడు. ముప్పై వెండి నాణేలకు అమ్మినవాడు, ఎవరో నాకు తెలియదని బొంకినవాడు, చేతులు కడుక్కొని తప్పుకున్నవాడు, చివరికి బల్లెంతో పొడిచినవాడు కూడా ఆ లెక్కలోకి వచ్చారు. యోగ్యత చూసి చేసిన త్యాగమైతే వీళ్లలో ఒక్కడికీ చోటుండేది కాదు. నాకూ ఉండేది కాదు.

మొక్కులో ఇచ్చేవాడు మనిషి, పుచ్చుకునేవాడు దేవుడు. పెద్దగట్టు ఎక్కే భక్తుల విశ్వాసాన్ని చులకన చేసే హక్కు నాకు లేదు. నా పూర్వీకులూ అమ్మవార్ల ముందు కోళ్లు కోసినవాళ్లే. యూదుల సంగతీ అంతే. యెరూషలేము దేవాలయంలో గొర్రెపిల్లల్ని, దూడల్ని, పేదవాళ్లైతే పావురాల్ని బలి ఇచ్చేవాళ్లు. అందుకే సువార్త మా వాడలకు వచ్చినప్పుడు దేవుని గొర్రెపిల్ల అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని పడి ఉండదు. మంద తెలిసినవాళ్లు, బలి తెలిసినవాళ్లు మావాళ్లు. వాళ్లు ఎన్నడూ విననిది, ఇచ్చేవాడు దేవుడే కావడం. మనిషి చేయాల్సిందల్లా చేయి చాపడం.

ఆ మాట ఎలాంటి చెవుల్లో పడిందో తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. నల్లగొండలో 1890లో మిషన్ మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరన్ విశ్వాసి, అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి పనిచేశాడు. 1900లో సూర్యాపేటకు కూడా మిషన్ స్టేషన్ వచ్చింది. అక్కడికి వచ్చిన హ్యూబర్ట్‌ది కూడా ఆ రష్యా సంఘమే. వాళ్ల మాట ఎక్కువగా విన్నవి మాల, మాదిగ వాడలు. అప్పుడు నడుస్తున్నది నైజాం రాజ్యం, ఊళ్లలో దేశ్‌ముఖుల రాజ్యం. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అనే ఒక్క దేశ్‌ముఖు కింద లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. చెప్పులు కుట్టివ్వడం, మోట తోళ్లు కుట్టడం, కబురు మోయడం, కట్టెలు కొట్టడం, దొరల ఇంటి పెళ్లికీ చావుకీ చాకిరీ చేయడం, అన్నీ వెట్టి. కూలి అడిగే నోరు లేదు.

వెట్టి కంటే లోతుగా దిగిన ముల్లు అప్పు. విత్తనాలప్పుడు ఒక బస్తా నాగుకు తెచ్చుకుంటే కోతలప్పుడు బస్తాన్నర కొలవాలి. ఆ ఏడు పంట పోతే ఆ బస్తాన్నర మళ్లీ అసలవుతుంది. పెళ్లికో చావుకో చేబదులు తీసుకున్నవాడు భగేలాగా, అంటే అప్పుకు కట్టుబడ్డ జీతగాడిగా, దొర ఇంట్లో చేరేవాడు. వాడు చచ్చేదాకా అప్పు తీరేది కాదు. తర్వాత కొడుకు చేరేవాడు. తాత తిన్న బియ్యానికి మనవడు బానిస. ఎంత తీసుకున్నారో, ఎంత తీరిందో చదువుకోవడానికి వాళ్లకు అక్షరం రాదు. కాగితం దొర దగ్గర ఉంటుంది, దాని మీద వీళ్ల వేలిముద్ర ఉంటుంది.

అలాంటి మనుషుల ముందు ఒక బోధకుడు నిలబడి, పౌలు కొలొస్సయులకు రాసిన పత్రిక తీసి, మన మీద ఉన్న రుణపత్రాన్ని దేవుడు సిలువకు మేకులతో కొట్టి రద్దు చేశాడని చెప్పాడనుకోండి. పట్నంలో ఫ్యాను కింద కూర్చుని వినే మనకు అది ఒక వేదాంత విషయం. వాళ్లకు అది కళ్ల ముందు కనిపించే కాగితం. అప్పు అనేది రద్దు కాగలదనే ఊహే వాళ్లకు అంతకుముందు లేదు. పైనున్న దేవుడే నా కాగితం చించేస్తే, ఈ దొర చేతిలో ఉన్న కాగితానికి నా ఆత్మ మీద ఏం హక్కుంది? ఈ ప్రశ్న పుట్టినచోట మనిషి వెన్ను నిలబడుతుంది.

వెట్టిని సిలువ కూల్చిందని నేను చెప్పను. దాన్ని కూల్చింది ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టు పార్టీ కింద కూడిన రైతులు, కూలీలు, ఆడవాళ్లు. వాళ్ల రక్తమే స్థూపాలై నిలిచింది. అయితే వాడల్లో చాలా ముందుగా బడి తెరిచి, పలక చేతికిచ్చి, బైబిలు చదివించి, వేలిముద్ర వేసే చేతితో సంతకం పెట్టించిన పని సంఘం చేసింది. రద్దయిన అప్పు గురించి నమ్మకంగా చెప్పాలంటే, కాగితం చదవడం కూడా నేర్పాలి కదా.

కృపకు వెల కట్టకూడదన్న పట్టుదల తెలుగు క్రైస్తవ చరిత్రలో అందంగా కనిపించే చోటు ఒకటుంది. కృష్ణ అవతల, ఒంగోలు ప్రాంతంలో. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిలో చాలా భాగం కరువుతో మాడింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత దూరం తవ్వే కాంట్రాక్టు తానే తీసుకొని, ఆకలితో అలమటిస్తున్న వేలమందికి పనీ కూలీ దొరికేలా చేశాడు. కాలువ గట్టు మీద సువార్త విన్నవాళ్లు గుంపులుగా వచ్చి బాప్తిస్మం ఇమ్మన్నారు. ఆయన ఇవ్వనన్నాడు. కరువు సాయం సాగినంతకాలం ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం దేవుణ్ణి పుచ్చుకున్నారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. సాయం ముగిసి, ఆయన దగ్గర పంచడానికి ఏమీ మిగలనప్పుడు కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ఇచ్చారు.

ఈ కథను సంఖ్య కోసం చెప్పుకునేవాళ్లు చాలామంది. నాకు విలువైనది అంతకుముందు ఆయన కాదన్న నెలలు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టి, బదులుగా అతని నమ్మకాన్ని అడగకపోవడం. అన్నం అన్నంగానే ఇవ్వాలి, దేవుణ్ణి దేవుడిగానే చెప్పాలి. రెండింటి మధ్య బేరం పెట్టిన క్షణాన కృప పారిపోతుంది. మత మార్పిడుల గురించి ఈనాడు మా చుట్టూ వినిపించే వాదోపవాదాల్లో రెండు పక్షాలవాళ్లూ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

పుచ్చుకోవడం తేలికని అనుకుంటాం గాని, మనకు అన్నింటికంటే కష్టమైనది అదే. మా పెళ్లిళ్లలో చదివింపులు రాసే పుస్తకం ఉంటుంది. పందిట్లో ఒక మూల బల్ల వేసుకొని, ఎవరు ఎంత చదివించారో పేరు, ఊరుతో సహా ఒకాయన రాస్తూ ఉంటాడు. పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది. వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు తీసి చూసి, ఐదు వందల పదహార్లు పెట్టినవాళ్లకు వెయ్యి నూటపదహార్లు పెడతాం. ఎవరి రుణమూ ఉంచుకోకూడదన్నది మన పెద్దల నీతి. మంచి నీతే. కాని బతుకంతా ఆ పుస్తకమే అయిపోతే, ఊరికే ఇచ్చేవాడు ఎదురైనప్పుడు మనకు తోచేది సంతోషం కాదు, అనుమానం. వీడు రేపు ఏం అడుగుతాడో అని. దేవుడి విషయంలోనూ మనం ఆ పుస్తకమే తెరుస్తాం. నేను ఇన్ని ఉపవాసాలు చేశాను, ఇంత కానుక ఇచ్చాను, నా బిడ్డకు ఉద్యోగం ఎందుకు రాలేదు అని అడుగుతాం.

యేసు చెప్పిన ద్రాక్షతోట కూలీల ఉపమానం ఈ పుస్తకాన్ని మూసేస్తుంది. మా పట్నాల్లో కూలి అడ్డా చూసినవాళ్లకు ఆ కథ ఇట్టే అర్థమవుతుంది. పొద్దున్నే పార, తట్ట, టిఫిను డబ్బాతో మనుషులు వచ్చి నిలబడతారు. మేస్త్రీ వచ్చి గట్టిగా ఉన్నవాళ్లను ఏరుకుంటాడు. ఎండ ఎక్కేసరికి మిగిలేది ముసలివాళ్లు, ఒంట్లో బాగాలేనివాళ్లు. టిఫిను డబ్బా విప్పకుండానే ఇంటికి పోవాలి వాళ్లు. ఉపమానంలో యజమాని పొద్దు గూకే వేళకు కూడా అడ్డాకు వస్తాడు. ఎవరూ పిలవక మిగిలిపోయినవాళ్లను పిలుస్తాడు. గంటసేపు పనిచేసినవాళ్లకు రోజు కూలి చేతిలో పెడతాడు. తెల్లవారి నుంచి ఎండలో మాడినవాళ్లు సణిగితే, మీకు ఒప్పుకున్నది మీకు ఇచ్చాను గదా, నా మంచితనం చూసి మీకెందుకు కడుపుమంట అని అడుగుతాడు.

కష్టపడ్డవాడికి ఈ కథ మింగుడుపడదు. నాకూ చాలాకాలం పడలేదు. కాని ఆ రాత్రి పొయ్యి వెలిగిందా లేదా అన్నది ఆ ముసలి కూలీ ఇంట్లో పిల్లలకు తెలుసు. వాళ్ల ఆకలి గంట ఆకలి కాదు, రోజు ఆకలే. దేవుడు పనిని బట్టి కాక ఆకలిని బట్టి కూలి ఇచ్చాడు. అన్యాయం ఏదీ జరగలేదు. న్యాయం కంటే పెద్దది ఒకటి జరిగింది.

అయితే ఊరికే దొరికింది కాబట్టి దానికి ఖర్చు లేదనుకోవడం పొరపాటు. మావాళ్లకు ఆ ఖర్చు తహసీల్దారు కార్యాలయంలో ఎదురవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులాల జాబితాలోకి రాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు బయటే ఉండిపోయారు. దళితుడు బాప్తిస్మం తీసుకుంటే మా దగ్గర కాగితాల మీద బీసీ–సీ అవుతాడు. ఆ వర్గానికి ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతం. వాడ మారదు, వాడను చూసే చూపు మారదు, సర్టిఫికెట్టు మాత్రం మారుతుంది. అందుకే ఎన్నో కుటుంబాలు సంఘం రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు మోస్తున్నాయి. పిల్లల చదువు కోసం అలా చేసే తల్లిదండ్రుల్ని వేలెత్తి చూపే మనసు నాకు లేదు. మొత్తంగా పోగొట్టుకోవడానికి సిద్ధపడినవాళ్లను చూస్తే గౌరవం. ఈ విషయం పరిశీలించడానికి కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. నమ్మకానికీ అన్నానికీ మధ్య ఎంచుకోమనడం పౌరుడి మీద పెట్టకూడని భారమని నేను నమ్ముతాను. కరువులో క్లౌ పెట్టనన్న బేరం అదే.

కృప అందుకున్నవాళ్లు తిరిగి ఇచ్చేది ఎలా ఉంటుందో నేను చూసింది మా ఇళ్లలోని పిడికెడు బియ్యం దగ్గర. పూటపూటా అన్నానికి ఎసట్లో పోసే ముందు ఇంటి ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం నాడు అది చర్చికి చేరుతుంది. తెలుగు సంఘాల్లో, ముఖ్యంగా దోర్నకల్ ప్రాంతంలో, బలంగా పాతుకుపోయిన అలవాటు ఇది. 1912లో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్యగారు నడిపిన సంఘం అది. నిరుపేదల ఇళ్ల నుంచి వచ్చిన ఇలాంటి కానుకలు కూడా కలిసే అక్కడి పెద్ద దేవాలయం లేచి, 1939లో ప్రతిష్ఠ జరుపుకుంది.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక, ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరిచేలయ్యాయి. మిర్యాలగూడ రైసుమిల్లుల పట్నమైంది. అంతకుముందు మెట్టపొలాల కాలంలో మా నాయనమ్మ పక్కకు తీసింది పిడికెడు జొన్నలు. మెతుకు లెక్కపెట్టుకునే ఇంట్లో పిడికెడు తగ్గితే ఎవరో ఒకరి కంచంలో తగ్గినట్టే. తగ్గేది ఎప్పుడూ ఆమె కంచంలోనే. అయినా ఆమె దాన్ని మొక్కుబడి అనుకోలేదు, దేవుడికి లంచం అనుకోలేదు. నాకు దొరికింది గనుక ఇస్తున్నా అనేది. దొరకడం కోసం ఇవ్వడానికీ, దొరికింది గనుక ఇవ్వడానికీ ఉన్న ఎడం ఎంతో పెద్దది. క్రైస్తవ త్యాగమంతా ఆ రెండోదానిలో ఉంది.

మొదటిది ఇప్పుడు మళ్లీ వ్యాపారంగా బయలుదేరింది. విత్తనం కానుక వేయండి, నూరంతలు కోయండి అని చెప్పే సభలు మా రోడ్ల వెంట ఫ్లెక్సీల మీద కనిపిస్తున్నాయి. బిడ్డ రోగం నయం కావాలని మిల్లులో హమాలీ తన వారం కూలి తెచ్చి పెట్టెలో వేస్తాడు. నయం కాకపోతే నీ విశ్వాసం చాలలేదంటారు. నాగు వడ్డీ పోయిందనుకుంటే వేదిక మీదికి వచ్చి కూర్చుంది. చించేసిన రుణపత్రాన్ని అతికించి మళ్లీ పేదవాడి చేతిలో పెట్టే ఈ బోధను మా సంఘాలు గట్టిగా కాదనాలి.

దీనికంటే పాతదీ, దీనికంటే గుట్టుగా సాగేదీ ఇంకొకటి ఉంది. త్యాగం పేరుతో ఎదుటివాళ్ల బతుకును అడగడం. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి భరించమని, అదే నీ సిలువ అని ఆడవాళ్లకు చెప్పడం నేను విన్నాను. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. యేసు తన సిలువను తానే ఎత్తుకున్నాడు. తన ప్రాణాన్ని తన దగ్గర నుంచి ఎవరూ తీసుకోవడం లేదని, తనంతట తానే పెడుతున్నానని ఆయన ముందే చెప్పాడు. మఠంపల్లిలో కతోలికుల శుభవార్త దేవాలయం ఉంది. మార్చిలో దాని ఉత్సవానికి చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వస్తారు. దేవదూత మరియమ్మ దగ్గరికి తెచ్చిన వార్తే ఆ శుభవార్త. ఆ ఘట్టం నాకు ఎంతో ఇష్టం. లోకానికి రక్షణ రావలసిన క్షణంలో కూడా దేవుడు ఒక పల్లెటూరి పిల్ల ఒప్పుకోలు కోసం ఆగాడు. ఆమె ఎలా జరుగుతుందని ప్రశ్న వేసింది, జవాబు విన్నది, ఆ తర్వాత సరే అన్నది. దేవుడే అడిగి ఆగినచోట, మనం అడగకుండా ఒకరి జీవితం మీద త్యాగం రుద్దడానికి ఎవరం?

అబ్రాహాము కథ కూడా అక్కడికే చేరుతుంది. కొడుకు మీద కత్తి ఎత్తిన తండ్రి చేతిని దేవుడు ఆపాడు. పొదలో చిక్కుకున్న పొట్టేలును చూపించాడు. బిడ్డ ప్రాణం తినే దేవుణ్ణి కానని చెప్పాడు.

మా మిర్యాలగూడలో ఆ చెయ్యి ఆగలేదు. 2018 సెప్టెంబరు 14న, గర్భిణి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించి బయటికి వస్తున్న ఒక దళిత క్రైస్తవ యువకుణ్ణి ఆమె కళ్ల ముందే నరికి చంపారు. కులం దాటి పెళ్లి చేసుకున్నాడని, ఆమె తండ్రే డబ్బిచ్చి చేయించిన హత్య అని పోలీసులు తేల్చారు. 2020 మార్చిలో, విచారణ ముగియకముందే, ఆ తండ్రి కూడా ప్రాణం తీసుకున్నాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, మరో ఆరుగురికి యావజ్జీవం వేసింది. పరువు అనే దేవత అడిగిన బలి అది. అల్లుణ్ణి తిన్నది, కూతురి పసుపుకుంకుమలు తిన్నది, చివరికి బలి ఇచ్చినవాణ్ణీ తిన్నది. ఎంత పెట్టినా ఆమె ఆకలి తీరదు. ఈ ఊళ్లో కాపురం ఉంటూ త్యాగం గురించి రాసేటప్పుడు ఆ రోజును దాటేసి పోవడం నాకు చేతకాదు.

అక్కడ కృప మాటేమిటని అడిగేవాళ్లుంటారు. భర్త పోయిన ఆ అమ్మాయికి, కొడుకు పోయిన ఆ తల్లిదండ్రులకు క్షమించమని చెప్పే అధికారం నాకు లేదు, ఏ పాస్టరుకూ లేదు. గాయం తగిలినవాళ్లు తమంతట తాము పలికితేనే అది క్షమ. దూరంగా నిలబడినవాళ్లు పలికిస్తే అది ఇంకో దెబ్బ. జర్మనీలో హిట్లర్‌ను ఎదిరించి 1945 ఏప్రిల్ 9న ఉరికంబమెక్కిన పాస్టరు బోన్‌హోఫర్, పశ్చాత్తాపం లేకుండా పంచిపెట్టే క్షమను చౌక కృప అని 1937లోనే గట్టిగా ఖండించాడు. కృప తప్పును తప్పు కాదని అనదు. దాని వెల తెలుసు గనుకే సిలువ అంత బరువు. చంపినవాణ్ణి కూడా దేవుడు మార్చగలడని నేను నమ్ముతాను. అలా మారినవాడు మొట్టమొదట చేయాల్సింది నిజం ఒప్పుకొని శిక్షకు తలవంచడమని కూడా నమ్ముతాను.

కాబట్టి మా సంఘాలకు ఈ ప్రాంతం పెట్టే పరీక్ష ఒకటుంది. ప్రభురాత్రి భోజనం వేళ బల్ల ముందుకు అందరం చేతులు చాచి వస్తాం. భూమున్నవాడు, లేనివాడు, మిల్లు యజమాని, హమాలీ, టీచరు, కూలీ. అక్కడ ఎవరికీ ఎక్కువ ముక్క లేదు, ఎవరికీ ముందు గ్లాసు లేదు. ఆ చేతులే సోమవారం పొద్దున కులం చూసి సంబంధం వెతికితే, వాడను చూసి ఇల్లు అద్దెకు ఇవ్వకపోతే, ఆదివారం పుచ్చుకున్నది కృప ఎలా అవుతుంది? మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్ల విచారణ అని చర్చీలు కూడా చీలి ఉన్నచోట, యోగ్యత చూడని దేవుడి గురించి ఎంత గట్టిగా పాడినా ఎదుటివాడికి వినిపించదు. పుచ్చుకున్నవాళ్లమని లోకానికి తెలిసేది మనం ఎవరి పక్కన కూర్చుని తింటామో చూసే.

ఇంటి లోపలా ఇదే పరీక్ష. నీకోసమే గదా బిడ్డా నా బతుకంతా అరగదీసుకున్నది అని తల్లులం అంటాం. ప్రేమతోనే అంటాం. అన్న క్షణంలో ఆ ప్రేమకు ఒక పత్రం రాసి బిడ్డ వేలిముద్ర వేయించుకుంటాం. వాడు ఎక్కడ చదవాలో, ఎవరిని చేసుకోవాలో, ఎక్కడ బతకాలో ఆ పత్రం చూపించి అడుగుతాం. పరువు హత్య దాకా పోకపోయినా, ఆ దారి మొదలయ్యేది ఇలాంటి చిన్న లెక్క దగ్గరే. సంఘంలో పెద్దలూ అంతే, ఊళ్లో నాయకులూ అంతే. చేసిన మేలును గుర్తుచేసే కొద్దీ అది మేలు కాకుండా పోతుంది.

శ్రమల దినాలు వచ్చిన ప్రతిసారీ నలభై రోజులు ఏం మానేద్దామని మా ఇళ్లలో మాట్లాడుకుంటాం. ఒకరు మాంసం మానేస్తారు, ఒకరు టీ మానేస్తారు, పిల్లలు టీవీ మానేస్తామంటారు. మంచిదే. నేను నా ఈడు ఆడవాళ్లకు, మగవాళ్లకు చెప్పేది మాత్రం ఒకటి. నీకోసం నేనింత చేశాను అన్న మాట మానేద్దాం. నలభై రోజులకు కాదు, ఎప్పటికీ. చేయాల్సింది చేద్దాం, పిడికెడు తీయాల్సినచోట తీద్దాం, అవసరమైతే మన కంచంలోనే తగ్గించుకుందాం. లెక్క మాత్రం రాయొద్దు. మన లెక్క రాయని దేవుడికి మనం చూపగల కృతజ్ఞత ఇదొక్కటే, మన పిల్లలకు మనం ఇవ్వగల స్వేచ్ఛ కూడా ఇదే.